పదేళ్ల ఫైబర్ బోటుకు కొత్త ఔట్‌బోర్డు మోటారు: ఎంత శక్తి, ఎంత పొడవు, ఏ ఇంధనం?

భీమిలి తీరవాసి
4 మే 2025

సభ్యులందరికీ నమస్కారం. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుఫానులో మా చెక్క నావ పనికిరాకుండా పోయింది. మరుసటి ఏడాది మా నాన్నగారు అప్పు చేసి 28 అడుగుల ఫైబర్ బోటు, దానికి వెనుక పలకకు బిగించే 9.9 హెచ్‌పీ టూ స్ట్రోక్ (పెట్రోలులోనే ఆయిలు కలిపే రకం) ఔట్‌బోర్డు మోటారు కొన్నారు. పదేళ్లుగా మా ఇల్లు ఆ రెండింటి మీదే నడిచింది. బోటు ఇంకా నిలబడే ఉంది కానీ మోటారు పని అయిపోయింది. రెండు సిలిండర్లలో ఒకదాని కంప్రెషన్ రెండోదానికంటే బాగా తగ్గిందని మెకానిక్ గేజి పెట్టి చూపించారు. గేర్ ఆయిల్ తీస్తే నీళ్లు కలిసి, పాలు కలిపిన టీ రంగులో వచ్చింది. నిరుడు కార్తీకంలో నిండు వలతో తిరిగి వస్తుంటే గోస్తనీ నది సముద్రంలో కలిసే మొగ దగ్గర రెండుసార్లు ఆగిపోయింది. దీన్ని బాగుచేయించడానికి అయ్యే ఖర్చు కొత్తదాని ధరలో సగం దాటుతోంది కాబట్టి మార్చడానికే నిశ్చయించుకున్నాం.

మాకు జెట్టీ లేదు. ఇసుక మీద నుంచి బోటును తోసుకుని, కెరటాలు దాటించి తీసుకువెళతాం, అలాగే తిరిగి ఒడ్డుకు ఎక్కిస్తాం. నలుగురం వెళతాం. కవళ్ల వల, కానాగడతల వల, ఐసు పెట్టె, తాగునీళ్లు ఉంటాయి. తీరం నుంచి పది పన్నెండు కిలోమీటర్ల లోపే మా వేట. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం కాబట్టి, ఈ 61 రోజులలో మిగిలినవాటిలోనే పని ముగించాలి.

దుకాణంలో 25 హెచ్‌పీ తీసుకోమంటున్నారు. నాన్నగారు పాతలాంటి టూ స్ట్రోకే మళ్లీ కొందామంటున్నారు. పెట్రోలు ఖర్చు చూస్తే ఫోర్ స్ట్రోక్ (ఆయిలు విడిగా పోసే రకం) మేలేమోనని నాకు అనిపిస్తోంది. పాత మోటారు షాఫ్టు, అంటే బోటు వెనుక నుంచి నీళ్లలోకి దిగే కాలు, 15 అంగుళాలది. ఆ రోజు దుకాణంలో పొడవు షాఫ్టు లేకపోవడంతో, ఉన్నదాన్ని అంటగట్టి, దానికి సరిపోయేలా బోటు వెనుక పలకను ఐదు అంగుళాల లోతున కోసి ఇచ్చారు. అప్పటి నుంచి వెనుక నుంచి కెరటం తోసినప్పుడల్లా ఆ కోసిన చోటు నుంచే నీళ్లు లోపలికి వస్తున్నాయి. అనుభవం ఉన్నవారు దారి చూపగలరు.

కాకినాడ మేస్త్రి
5 మే 2025

తీరవాసి గారూ, మోటారు సంగతి ఒక వారం పక్కన పెట్టండి. పదేళ్ల బోటుకు మోటారు మార్చేటప్పుడు మొదట చూడవలసింది ట్రాన్సమ్ అని మేము పిలిచే ఆ వెనుక పలకనే. బయటికి అది ఫైబరులా కనిపిస్తుంది కానీ లోపల ప్లైవుడ్ ఉంటుంది. మోటారు తోపుడంతా ఆ చెక్క మీదే పడుతుంది. బోల్టు రంధ్రాలకు సరిగా సీలెంటు పూయకపోతే ఉప్పునీరు ఏళ్ల తరబడి చెక్కలోకి దిగి, చెక్క లోలోపలే కుళ్లిపోతుంది. మీ పలకను పైనుంచి కోశారని రాశారు. కోసిన అంచును మళ్లీ రెజిన్‌తో మూశారా, రంగు మాత్రమే పూసి వదిలేశారా? రంగు మాత్రమే పూసి ఉంటే మీ బోటు పదేళ్లుగా అక్కడి నుంచి నీళ్లు తాగుతోందని అనుకోవాలి.

ఇలా చూడండి. చిన్న సుత్తి పిడితో పలకను పైనుంచి కిందికి, ఆ చివర నుంచి ఈ చివర వరకు తట్టండి. గట్టి చెక్క ఉన్నచోట టక్కుమని గట్టిగా పలుకుతుంది, కుళ్లిన చోట బద్దగా, తడి గోడను తట్టినట్టు వినిపిస్తుంది. తర్వాత పాత మోటారును బిగించే ఉంచి, ఒక మనిషి దాని కింది కాలును పట్టుకుని పైకి, కిందికి గట్టిగా ఆడించాలి. పలక అట్టలా ఊగినా, పలక అడుగును కలిసే మూలలో వెంట్రుకంత చీలిక తెరుచుకున్నా లోపల బలం లేదని అర్థం. చివరగా, లోపలి వైపు నుంచి, కింది బోల్టుకు కాస్త దిగువన, 5 మిల్లీమీటర్ల బిట్టుతో ఫైబరు పొర దాటి చెక్క తగిలేవరకు రంధ్రం వేయండి. పొడిగా, లేత రంగులో రజను వస్తే మంచిది. నల్లగా, తడిగా వచ్చిందంటే ఏ మోటారు కొన్నా అది దండగే.

అలాగే బోటు పొడవు కాకుండా నీటిని తాకే గీత పొడవు ఎంతో, బోటు ఎంత బరువు మోస్తుందో కూడా రాయండి.

భీమిలి తీరవాసి
9 మే 2025

మేస్త్రి గారూ, మీరు చెప్పినట్టే చేశాం. తట్టినప్పుడు రెండు పక్కలా బాగానే పలికింది, మోటారు కూర్చునే మధ్య భాగంలో మాత్రం రెండు జానల వెడల్పున శబ్దమే లేదు. రంధ్రం వేసిన వెంటనే, ఇంకా బిట్టు బయటికి తీయకముందే, గోధుమరంగు నీళ్లు కారాయి. పులిసిన కల్లు వాసన వచ్చింది. నేలపై గిన్నె పెడితే అర గంటలో ఒక టీ గ్లాసు నిండింది. నాన్నగారు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఈ పలక మీద 25 హెచ్‌పీ పెట్టుకుని మొగ దాటి ఉంటే ఏమై ఉండేదో ఆలోచిస్తేనే భయమేస్తోంది.

నీటి గీత పొడవు దాదాపు 25 అడుగులు. మనుషులు, వల, ఐసు, చేప అన్నీ కలిపి నిండుగా ఉన్నప్పుడు మొత్తం బరువు సుమారు రెండు టన్నులు ఉంటుందని మా అంచనా.

కాకినాడ మేస్త్రి
10 మే 2025

బాధపడకండి. నిషేధ కాలంలో, ఎండల్లో, బోటు ఒడ్డున ఉండగా బయటపడింది. ఇంతకంటే మంచి సమయం లేదు. బయటి ఫైబరు పొరను కదపకుండా, లోపలి పొరను నాలుగు వైపులా కోసి తీయించండి. కుళ్లిన చెక్కను చివరి పీచు వరకు తవ్వించండి, మంచి చెక్క కనిపించిన తర్వాత కూడా మరో జానెడు మేర తీయించండి. ఆ గుంటను కనీసం పది రోజులు ఎండకు ఆరనివ్వాలి. మధ్యలో వాన వస్తే టార్పాలిన్ కప్పండి. ఈ ఆరబెట్టడంలోనే అందరూ తొందరపడతారు.

కొత్త చెక్కగా ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ 18 మిల్లీమీటర్లది రెండు పొరలు అతికించి వాడండి. ముద్ర కంటితో చూశాకే డబ్బు ఇవ్వండి. కొత్త బోటును పోతపోసేటప్పుడు పాలిస్టర్ రెజిన్ సరిపోతుంది. పాత ఫైబరు మీద కొత్త పొర పట్టాలంటే ఎపాక్సీ బాగా అంటుకుంటుంది. ఖరీదు ఎక్కువైనా పలక వరకు ఎపాక్సీయే వాడమని నా మాట. మూలల్లో కోణం తేలకుండా గుండ్రంగా నింపి, దాని మీదుగా ఫైబరు మ్యాట్ పొరలను పక్క గోడల వరకు సాగదీయాలి. ఐదు అంగుళాల కోతను కూడా ఇప్పుడే పూడ్చి, పలకను మళ్లీ అసలు ఎత్తుకు తెప్పించండి. మోటారు బోల్టులకు వేసే రంధ్రాలను ముందు పెద్దవిగా వేసి, రెజిన్‌తో నింపి, గట్టిపడ్డాక ఆ రెజిన్ మధ్యలో అసలు రంధ్రం వేస్తే, ఎప్పుడైనా నీళ్లు దిగినా చెక్కను తాకవు.

సిఫ్‌నెట్ పాత విద్యార్థి
11 మే 2025

నేను విశాఖపట్నంలోని సిఫ్‌నెట్ అనే కేంద్ర ప్రభుత్వ మత్స్య శిక్షణ సంస్థలో చదివినవాడిని. శక్తి గురించి రెండు మాటలు చెబుతాను.

నీటిని చీల్చుకుంటూ వెళ్లే బరువైన బోటుకు ఒక సహజమైన వేగం ఉంటుంది. నీటి గీత పొడవును అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే ఆ వేగం నాట్లలో వస్తుంది. మీ 25 అడుగులకు వర్గమూలం 5 కాబట్టి 6.7 నాట్లు, అంటే గంటకు పన్నెండు కిలోమీటర్ల పైచిలుకు. ఆ వేగం వచ్చేసరికి బోటు తాను పుట్టించిన కెరటపు పల్లంలోనే కూర్చుంటుంది. అక్కడి నుంచి ఇంకా శక్తి పెంచితే ముందు భాగం లేచి, అమరం, అంటే వెనుక భాగం, దిగబడుతుందే తప్ప వేగం పెద్దగా పెరగదు. ఆరు నుంచి ఏడు నాట్లకు వెళ్లడానికి అవసరమయ్యే ఇంధనం రెట్టింపుకు దగ్గరగా ఉంటుంది. రెండు టన్నుల బరువుతో ఆరు నాట్ల వేగానికి పది హెచ్‌పీ లోపే చాలు. పాతికకు మీరు చెల్లించే అదనపు డబ్బంతా అమరం వెనుక తెల్లటి నురగగా పోతుంది. పైగా 25 హెచ్‌పీ మోటారు బరువు పది హెచ్‌పీ మోటారు కంటే ఎంతో ఎక్కువ. ఆ బరువంతా పలక మీదనే, అదీ బోటు చిట్టచివర వేలాడుతుంది. మీ నాన్నగారు పదేళ్ల క్రితం 9.9 తీసుకోవడం సరైన లెక్కే.

ఉప్పాడ సరంగు
11 మే 2025

లెక్క బాగుంది, కానీ ఒక మాట అడ్డు చెప్పక తప్పదు. మేము మోటారును నడిసముద్రంలో వేగం కోసం మాత్రమే కొనము. ఒడ్డున విరిగే కెరటాలు దాటేటప్పుడు మూడు నిమిషాలు ప్రాణాలు మోటారు చేతిలో ఉంటాయి. రెండు పెద్ద కెరటాలు పోయాక వచ్చే చిన్న సందులో, ఆగి ఉన్న బోటు ఒక్కసారిగా ముందుకు కదలాలి. కదలకపోతే తర్వాతి కెరటం దాన్ని అడ్డం తిప్పేస్తుంది. 2022 ఆషాఢంలో మా బోటు అలాగే తిరగబడింది. నలుగురం ఈదుకుంటూ బయటపడ్డాం, వల పోయింది. అప్పుడు మాకున్నది 8 హెచ్‌పీ. మిగులు బలం లేని మోటారు కొనమని ఎవరు చెప్పినా నేను ఒప్పుకోను.

ఇంకొకటి. ఆ రోజు మునిగిన మోటారు టూ స్ట్రోక్ కావడంతో, అదే సాయంత్రం మంచినీటితో కడిగి, ప్లగ్గులు విప్పి, తాడు లాగి లోపలి నీళ్లన్నీ కక్కించి, సిలిండర్లలో ఆయిల్ పోసి, చీకటి పడేలోగా స్టార్టు చేశాం. ఫోర్ స్ట్రోక్ మునిగితే అంత సులువు కాదు. ఇంజిన్ ఆయిల్ మొత్తం తీసి, రెండు మూడుసార్లు మార్చాలి. అందువల్ల తీరవాసి గారి నాన్నగారి మాటను తేలిగ్గా తీసిపారేయకండి.

సిఫ్‌నెట్ పాత విద్యార్థి
12 మే 2025

సరంగు గారూ, మీరు చెప్పినది నిజం. నా లెక్కలో కెరటాలను చేర్చకపోవడం పొరపాటే. అయితే కెరటాల్లో మీకు కావలసింది వేగం కాదు, ఆగి ఉన్న బరువును కదిలించే తోపుడు. తోపుడు హెచ్‌పీ అంకె మీద ఎంత ఆధారపడుతుందో నీటిని తోసే ఫ్యాను మీద కూడా అంతే ఆధారపడుతుంది. ఫ్యాను ఒక చుట్టు తిరిగితే లెక్క ప్రకారం ఎన్ని అంగుళాలు ముందుకు పోవాలో దాన్ని పిచ్ అంటారు. దుకాణాల్లో మోటారుతో పాటు వచ్చే ఫ్యాను సాధారణంగా తేలికపాటి, వేగంగా పోయే బోట్లకు సరిపడే ఎక్కువ పిచ్‌తో ఉంటుంది. బరువైన బోటుకు అది ఐదో గేరులో ఎడ్లబండిని లాగించడమే. తక్కువ పిచ్ ఉన్న ఫ్యాను వేస్తే ఇంజిన్ తన పూర్తి చుట్లు అందుకుంటుంది, తోపుడు పెరుగుతుంది.

మీ భయానికి ఇంకో పరిష్కారం ఉంది. అనేక ఫోర్ స్ట్రోక్ మోటార్లలో 9.9 హెచ్‌పీ, 15 హెచ్‌పీ రెండింటికీ ఇంజిన్ బ్లాకు ఒకటే, బరువు కూడా దాదాపు ఒకటే. అలాంటిచోట 15 తీసుకుని, తక్కువ పిచ్ ఫ్యాను వేసి, నడిసముద్రంలో థ్రాటిల్ (యాక్సిలరేటర్) సగానికి కాస్త పైన ఉంచి నడిపితే, పలకకు బరువు పెరగదు, కెరటాల్లో మిగులు బలం దక్కుతుంది.

బారువ బోటు
13 మే 2025

డీజిల్ మాట ఎవరూ ఎత్తలేదేమి? మా వైపు ఫైబర్ బోట్లలో చాలావాటికి పొడవాటి షాఫ్టు ఉన్న లాంగ్‌టెయిల్ డీజిల్ ఇంజిన్లే. ఒక్కో హెచ్‌పీకి గంటకు పావు లీటరు చొప్పున డీజిల్ తాగుతుంది. టూ స్ట్రోక్ పెట్రోలు మోటారు దాదాపు అర లీటరు తాగుతుంది. 2019లో లీటరుకు 9 రూపాయలు చేసిన డీజిల్ రాయితీ కూడా ఉంది, పెట్రోలుకు అది లేదు. ఇసుక తగిలేముందు షాఫ్టు పైకెత్తితే చాలు. మా ఊళ్లో సైకిలు షాపు కుర్రవాడు కూడా దాన్ని విప్పి బిగించగలడు.

లోపాలూ చెబుతాను. శబ్దం ఎక్కువ, రోజంతా చేతులు అదురుతాయి. ఆ అదురుడు పాత ఫైబరుకు మంచిది కాదు. ఇంజిన్ కూర్చునే దిమ్మను లోపల కొత్తగా కట్టించాలి. నీళ్లలో తిరిగే షాఫ్టుకు చాలా బోట్లలో తొడుగు ఉండదు కాబట్టి కలాసీలు జాగ్రత్తగా ఉండాలి. రోజుకు ఏడెనిమిది గంటలు ఇంజిన్ నడిచేవారికి ఇదే లాభం. నాలుగు గంటలలోపు నడిచేవారికి, అదీ ఔట్‌బోర్డుకు అలవాటు పడిన చేతులకు, మార్చమని నేను ఒత్తిడి చేయను.

వెరావల్ కలాసీ
14 మే 2025

నేను శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి గుజరాత్‌లో పనిచేస్తున్నాను. ఇక్కడి ఫైబర్ హోడీలకు (చిన్న పడవలకు) ఔట్‌బోర్డులే ఎక్కువ. ఇక్కడ నేర్చుకున్నది ఒకటే చెబుతాను. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. సముద్రం మీద తేమకు కొదవ లేదు. ట్యాంకులో పెట్రోలు వారాల తరబడి నిలవ ఉంటే నీళ్లు, ఇథనాల్ కలిసి అడుగుకు చేరతాయి, మోటారు మొదట తాగేది ఆ అడుగునే. మీరు కొనే మోటారు ఆ పెట్రోలుకు తగినదో కాదో పుస్తకంలో చదివి చూసుకోండి. పాత పైపును, చేత్తో నొక్కే రబ్బరు బంతిని కొత్త మోటారుకు తగిలించకండి. ట్యాంకుకు, మోటారుకు మధ్య నీటిని వేరుచేసే ఫిల్టరు పెట్టించండి. నిషేధ కాలంలో ట్యాంకు ఖాళీ చేసి, కార్బ్యురేటర్‌లోని పెట్రోలు కూడా పూర్తిగా తీసేయాలి. మొగ దగ్గర మీ మోటారు ఆగిపోవడానికి కంప్రెషన్‌తో పాటు ఇది కూడా కారణమై ఉండవచ్చు.

మత్స్యశాఖ విశ్రాంత ఉద్యోగి
15 మే 2025

కాగితాల సంగతి క్లుప్తంగా చెబుతాను. మీ బోటు రిజిస్ట్రేషన్ సంఖ్యలో ఎంఓ అనే అక్షరాలు ఉంటాయి, అంటే మోటారు అమర్చిన బోటు. ఆ పత్రంలో ఇంజిన్ సంఖ్య, శక్తి రాసి ఉంటాయి కాబట్టి మోటారు మార్చిన వెంటనే బిల్లుతో వెళ్లి రెండూ సరిచేయించుకోండి. సముద్రంలో తనిఖీ జరిగినా, ప్రమాదం జరిగి బీమా అడగవలసి వచ్చినా మొదట చూసేది ఆ సంఖ్యనే. ఏదైనా పథకం కింద రాయితీకి దరఖాస్తు చేసే ఆలోచన ఉంటే, మంజూరు పత్రం చేతికి వచ్చేవరకు కొనకండి. ముందే కొన్నదానికి తర్వాత రాయితీ ఇవ్వడం సాధారణంగా కుదరదు. నా ఉద్యోగకాలంలో ఈ ఒక్క తొందరపాటు వల్ల ఎందరో నష్టపోయారు.

భీమిలి తీరవాసి
10 జూన్ 2025

ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి. పలక పని పూర్తయింది. తవ్వినకొద్దీ కుళ్లు బయటపడి, చివరికి మధ్య భాగమంతా తీయవలసి వచ్చింది. చెక్క ముక్కను చేతిలో పిండితే స్పాంజిలా నీళ్లు కారాయి. ఆరబెట్టడానికి పదమూడు రోజులు పట్టింది. కోత పూడ్చాక, బోటు అడుగు నుంచి పలక పై అంచు వరకు నిట్టనిలువుగా కొలిస్తే పందొమ్మిదిన్నర అంగుళాలు వచ్చింది. 15 అంగుళాల షాఫ్టు మాట ఇక లేదు, 20 అంగుళాలదే కావాలి. ఫ్యాను పైన ఉండే అడ్డ రేకు బోటు అడుగుకు సమానంగా గాని, ఒక అంగుళం కిందికి గాని ఉండాలని మేస్త్రి గారు ఫోటోలు చూసి విడిగా చెప్పారు. దానికి ఇది సరిపోతోంది.

ఇంట్లో చర్చ చాలా రోజులు సాగింది. లెక్క ఇలా వేసుకున్నాం. రోజుకు నాలుగు గంటలు ఇంజిన్ నడుస్తుంది. పాత మోటారుకు ఒక వేటకు 18 లీటర్ల పెట్రోలు, లీటరుకు 20 మిల్లీలీటర్ల చొప్పున టూ స్ట్రోక్ ఆయిలు పోసేవాళ్లం. ఫోర్ స్ట్రోక్‌తో మూడో వంతు తగ్గినా వేటకు ఆరు లీటర్లు మిగులుతుంది, ఆయిలు కలపడం ఉండదు. నెలకు ఇరవై వేటలు వేసుకుంటే 120 లీటర్లు. మా దగ్గర పెట్రోలు లీటరు 108 రూపాయల చొప్పున చూసినా నెలకు దాదాపు 13,000 రూపాయలు. టూ స్ట్రోక్‌కు, ఫోర్ స్ట్రోక్‌కు దుకాణంలో చెప్పిన ధరల తేడా దీనితో ఒక వేట కాలంలోనే తీరిపోతుందని తేలాక నాన్నగారు మెత్తబడ్డారు. ఆయన అసలు భయం మాత్రం ఉప్పాడ సరంగు గారు చెప్పినదే, అంటే మునిగితే ఏమిటన్నది. అందుకని మా ఊరికి దగ్గరలో ఫోర్ స్ట్రోక్ విప్పగల మెకానిక్కులు ఎవరెవరు ఉన్నారో, విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయో తిరిగి చూసి వచ్చాం. మా తీరంలో యమహా, సుజుకీ మోటార్లే ఎక్కువగా కనిపిస్తాయి కాబట్టి ఆ రెండింటినే చూశాం. చివరికి 15 హెచ్‌పీ, 20 అంగుళాల షాఫ్టు, తాడుతో స్టార్టు అయ్యే ఫోర్ స్ట్రోక్ తీసుకున్నాం. కరెంటు స్టార్టరు వద్దనుకున్నాం, ఉప్పునీళ్లలో బ్యాటరీని కాపాడడం మావల్ల కాదు.

కాకినాడ మేస్త్రి
11 జూన్ 2025

మంచి ఎంపిక. మొదటి పది గంటలు పూర్తి థ్రాటిల్ మీద నడపకండి, ఒకే వేగంలో కూడా ఉంచకండి. ఇరవై గంటలకు ఇంజిన్ ఆయిల్, గేర్ ఆయిల్ రెండూ మార్చండి. ఫోర్ స్ట్రోక్‌ను ఇంటికి మోసుకెళ్లి పడుకోబెట్టేటప్పుడు, ఏ వైపు మీద పడుకోబెట్టాలో దాని మీదే గుర్తు ఉంటుంది. ఇంకో వైపు వేస్తే ఆయిలు సిలిండరులోకి పోతుంది. ఇది మోసే కలాసీలందరికీ చెప్పండి, ఎందుకంటే టూ స్ట్రోక్‌తో ఎవరికీ ఈ అలవాటు లేదు. జింకు కడ్డీ మీద రంగు ఎప్పుడూ పూయవద్దు. ఉప్పునీటికి మోటారు బదులు తాను తినబడడానికే అది ఉంది, సగానికి వచ్చాక మార్చాలి.

భీమిలి తీరవాసి
13 జులై 2025

నిషేధం ముగిశాక నాలుగు వారాల వేట జరిగింది. చూసినది చూసినట్టు రాస్తున్నాను.

మోటారుతో పాటు వచ్చిన 10 అంగుళాల పిచ్ ఫ్యానుతో, పది గంటలు గడిచాక, నిండు బరువుతో పూర్తి థ్రాటిల్ మీద చూస్తే ఇంజిన్ చుట్లు నిమిషానికి 4,700 దగ్గరే ఆగిపోయాయి. పుస్తకంలో 5,000 నుంచి 6,000 మధ్య ఉండాలని ఉంది. సిఫ్‌నెట్ మిత్రులు చెప్పినట్టు 8 అంగుళాల పిచ్ ఫ్యాను తెప్పించి వేశాం, 5,150 వచ్చింది. నడిసముద్రంలో వేగం తేడా ఏమీ తెలియలేదు. ఒడ్డు దగ్గర మాత్రం తేడా స్పష్టంగా ఉంది. జూన్ చివరి వారంలో గాలి పెద్దగా ఉన్న ఒక ఉదయం, రెండో కెరటం విరిగాక నాన్నగారు థ్రాటిల్ తిప్పగానే బోటు వెంటనే కదిలింది. పాతదానితో ఆ సందులో రెండు క్షణాలు ఊపిరి బిగబట్టి కూర్చునేవాళ్లం.

పెట్రోలు, గీతలు గీసిన డబ్బాతో కొలిచి చూస్తే, వేటకు సగటున 12 లీటర్లు అవుతోంది. కోత పూడ్చిన తర్వాత వెనుక నుంచి కెరటం తోసినా లోపలికి నీళ్లు రావడం లేదు. పదేళ్లుగా కలాసీల్లో ఒకరి పని నీళ్లు తోడడమే, ఇప్పుడు అతను వల సర్దుతున్నాడు.

ఒక సందేహం ఉంది. ఒడ్డుకు చేరగానే మోటారును పైకెత్తుతున్నాం, ఇంటికి రాగానే డ్రమ్ములో మంచినీళ్లు పోసి పది నిమిషాలు నడుపుతున్నాం. అయినా ఇంజిన్‌ను చల్లబరిచి పక్కనుంచి వచ్చే నీటి ధార మొదటి రోజు ఉన్నంత గట్టిగా లేదు. నిన్న పంపు విప్పి చూస్తే ఇంపెల్లర్ (నీళ్లు తోడే రబ్బరు చక్రం) రెక్కల అంచులు అరిగి, దాని గిన్నె లోపల సన్నని గీతలు కనిపించాయి. నాలుగు వారాలకే ఇలా అవుతుందా?

ఉప్పాడ సరంగు
13 జులై 2025

అవుతుంది. మీరు పైకెత్తేది ఇసుక తగిలేముందేనా, తగిలాకనా? కెరటం విరిగే చోట నీళ్లు నీళ్లలా ఉండవు, సగం ఇసుకే. మేము నడుము లోతు రాకముందే ఇంజిన్ ఆపి, మోటారు ఎత్తి, మిగతా దూరం కెరటం మీద వదిలేస్తాం. వెళ్లేటప్పుడు కూడా ముందు తోసి, నడుము లోతు దాటాకే స్టార్టు చేస్తాం. మీ 15 హెచ్‌పీ మీద నమ్మకంతో మీరు మోకాలి లోతు నుంచే నడుపుతున్నారేమో చూసుకోండి.

కాకినాడ మేస్త్రి
14 జులై 2025

సరంగు గారు అసలు కారణం పట్టుకున్నారు. గిన్నె లోపలి గీతలను గోటితో రాసి చూడండి. గోరు ఆగకపోతే ఇంపెల్లర్ ఒక్కటే మార్చండి, గోరు గీతలో చిక్కి ఆగితే గిన్నె కూడా మార్చాలి. జెట్టీ ఉన్నవారు ఏడాదికి ఒకసారి మార్చే ఇంపెల్లర్‌ను మీరు ఆరు నెలలకు ఒకసారి మార్చుకోండి, అది మోటారులో అతి చవకైన రబ్బరు ముక్క. ఒక ఇంపెల్లర్, ఒక జత ప్లగ్గులు, ఫ్యాను నట్టుకు వేసే కాటర్ పిన్నులు నాలుగు, వాటికి సరిపోయే పానా, అన్నీ మూత గట్టిగా ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి బోటులోనే ఉంచండి. ఫ్యానును నెలకు ఒకసారి విప్పి, షాఫ్టుకు వల దారం చుట్టుకుందేమో చూడండి. మీ పాత మోటారు గేర్ ఆయిల్‌లోకి నీళ్లు దిగింది బహుశా అలా సీలు తెగడం వల్లనే. ఇరవై గంటలు ఎప్పుడో దాటి ఉంటాయి. ఆయిలు మార్చారో లేదో మీరు రాయలేదు. ఈ వారంలోనే మార్చి, గేర్ ఆయిల్ ఏ రంగులో వచ్చిందో ఇక్కడ చెప్పండి.

భీమిలి తీరవాసి
15 జులై 2025

మోకాలి లోతు మాట నిజమే, నాన్నగారు అక్కడి నుంచే స్టార్టు చేస్తున్నారు. ఈ రోజు నుంచి నడుము లోతు దాటాకే అని ఒప్పుకున్నారు. గోరు ఆగలేదు, ఇంపెల్లర్ మాత్రమే మార్చాం, ధార మళ్లీ గట్టిగా వస్తోంది. ఇంజిన్ ఆయిల్ ఇరవై గంటలకే మార్చాం, గేర్ ఆయిల్ మాత్రం నిన్ననే తీశాం. తేనె రంగులో, సన్నని ఇనుప రజనుతో వచ్చింది, నీళ్లు లేవు.